మ్యాట్ కింద నీళ్లు

దసరా దగ్గరికొచ్చింది. బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే రోజులు. తలుపులన్నీ బార్లా తెరిచి బండిని లోపలా బయటా తీరిగ్గా చూసుకునేది ఏడాది మొత్తంలో ఈ నాలుగు రోజులే. అందుకే ఈ పూట పికప్ బండ్లున్నవాళ్లతో ఒక పని గురించి మాట్లాడదామనుకున్నాను. వానాకాలంలో తడిసి చెడిపోయిన క్యాబిన్ కార్పెట్‌ను మనమే తీసేసి, కొత్తది వేసుకోవడం ఎట్లా అన్నదే ఆ విషయం.

పెన్‌గంగకు అవతల గడ్‌చాందూర్, కోర్పనా, రాజురాల్లో ఉన్న మనవాళ్లను మనసులో పెట్టుకుని చెబుతున్నాను. 1956కు ముందు ఆ రాజురా ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అక్కడి బజార్లకు తెలుగు కొత్త కాదు. గడ్‌చాందూర్ ఇప్పుడు సిమెంటు ఊరు. మాణిక్‌గఢ్ సిమెంటు ఫ్యాక్టరీ ఊరికి ఆనుకునే ఉంది. ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహి ఫ్యాక్టరీలు దగ్గర్లోనే ఉన్నాయి. రాజురా, బల్లార్‌పూర్ వైపు బొగ్గు గనులు. వీటన్నిటి మధ్యా రాత్రింబగళ్లు తిరిగేవి పికప్‌లూ క్యాంపర్లే. షిఫ్టుకు మనుషులను దింపాలన్నా, సామాను చేరవేయాలన్నా, సీజన్లో పత్తి బస్తాలు మోయాలన్నా అవే దిక్కు. చంద్రపూర్ జిల్లాలో ఏడాదికి 1200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. 2022 జులైలో వార్ధా నది పొంగి బల్లార్‌పూర్, రాజురాల మధ్య రాకపోకలు ఆగిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంత వానలోనూ బండి ఇంటి దగ్గర ఉండదు. ఎక్కే ప్రతి మనిషి బూట్లకూ కిలో రేగడి ఉంటుంది.

ఇక అసలు సంగతి. కార్పెట్ వాసన కొడుతోందని సీటు కవర్ల దుకాణానికి తీసుకెళ్తే చాలాచోట్ల ఏం చేస్తారు? పైపైన తుడిచి, దాని మీదే మందపాటి ల్యామినేషన్ మ్యాట్ వేసి, అంచులు బిగించి అరపూటలో పంపించేస్తారు. పైకి చూస్తే కొత్త బండిలా మెరుస్తుంది. కింద తడి తడిగానే ఉంటుంది. పైగా ఇంతకుముందు ఎండకో గాలికో కాస్తయినా ఆరే వీలుండేది, ఇప్పుడు మూత పడి అదీ లేకుండా పోతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి బండి అడుగున ఉన్న రేకు తుప్పు పట్టి పెళ్లలుగా లేస్తుంది. సీటు బోల్టులు, సీటు బెల్టు కింది కొస బిగించి ఉండేది ఆ రేకుకే. గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఆపాల్సింది ఆ రేకే. ఇది వాసనతో పోయే గొడవ కాదు. అందుకే ఈ పని మన చేత్తో చేసుకోవాలంటున్నాను. సొంత బండి కాబట్టి మనం తొందరపడం, ఆరే దాకా ఆగుతాం. ఇందులో నేర్పు కన్నా ఓపికే ఎక్కువ కావాలి.

ముందుగా అసలు తడి ఉందో లేదో చూడండి. పైన కార్పెట్ పొడిగానే తగులుతుంది, అది నమ్మొద్దు. తలుపు తెరవగానే గడప మీద ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాన్ని పైకి లాగితే క్లిప్పులు ఊడి వచ్చేస్తుంది. అక్కడ కార్పెట్ అంచు ఎత్తి, కింద ఉన్న నమ్దాను రెండు వేళ్లతో పిండండి. పాత గుడ్డపీచు అదిమి చేసిన ఆ మందపాటి పొర వాన వెలిసి వారం దాటినా నీళ్లను విడవదు. పిండితే వేళ్ల సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు కారతాయి. ముక్కిపోయిన బియ్యం బస్తా విప్పినప్పటి వాసన వస్తుంది. అట్లా ఉందంటే కార్పెట్ మొత్తం బయటికి రావాల్సిందే. తడిసిన గుడ్డలో బూజు పుట్టడానికి ఒకటి రెండు రోజులు చాలు. నిన్ననే తడిసింది, అదీ మంచినీళ్లే అయితే తీసి, ఎండలో ఆరబెట్టి మళ్లీ అదే వేసుకోవచ్చు. వాన వెలిసి వారాలైపోతే నమ్దా మీద ఆశ వదులుకోండి.

తీసే ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. ఇది వదిలేసి కొత్త కార్పెట్ వేస్తే డబ్బులు నీళ్ల పాలే. దీని గురించి కాస్త ఎక్కువసేపే చెబుతాను.

బూట్లతో వచ్చే నీళ్లు కొన్ని. వాటికి మందు రబ్బరు ట్రే. మిగతా నీళ్లకు దారులు వేరే ఉంటాయి. వైపర్ల కింద నల్లటి జాలీ ఒకటుంటుంది చూడండి, దాని కింద ఒక తొట్టి ఉంటుంది. అద్దం మీద పడిన వాన అందులోకి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. చెట్టు కింద బండి పెడితే వేపాకులు చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. సిమెంటు ఊళ్లలో దానికి దుమ్ము కూడా తోడవుతుంది. మామూలు దుమ్మయితే వానకు కొట్టుకుపోతుంది. సిమెంటు దుమ్ము తడిస్తే గట్టిపడుతుంది, పైపు వేసి కడిగినా కదలదు. తొట్టి నిండితే నీళ్లు ఏసీకి గాలి తీసుకునే దారిలోంచి నేరుగా కాళ్ల దగ్గరికి దిగుతాయి. జాలీ విప్పి, వెదురు పుల్లతో గీకి తీయాలి. ఇనుప చువ్వ వాడితే రంగు లేచిపోయి అక్కడ కొత్తగా తుప్పు మొదలవుతుంది.

రెండో దారి తలుపు. అద్దం పక్క సందులోంచి వాన నీరు తలుపు లోపలికి పోవడం మామూలే, ప్రతి బండిలోనూ పోతుంది. తలుపు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి ఆ నీరు బయటికి కారిపోవాలి. లోపలివైపు డోర్ ప్యాడ్ వెనక ఒక పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది, నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది అదే. గ్లాస్ మిషన్ చెడిపోయిందనో, స్పీకర్లు పెట్టించాలనో డోర్ ప్యాడ్ ఒకసారి విప్పించి ఉంటారు. ఆ కాగితాన్ని చింపి తీసి, మళ్లీ అంటించకుండానే ప్యాడ్ బిగించేస్తారు. మరుసటి వానాకాలం డ్రైవరు కాళ్ల కింద మడుగు కడుతుంది. బండి యజమాని పైకప్పును అనుమానిస్తాడు, అద్దం రబ్బరును అనుమానిస్తాడు గానీ తలుపు సంగతి గుర్తుకు రాదు. మందపాటి పాలిథీన్ షీటు కత్తిరించి, చుట్టూ సీలెంటు పట్టించి అంటిస్తే సరిపోతుంది. షీటు కింది అంచు తలుపు లోపలివైపుకే వాలేట్టు చూడండి.

ఇంకొకటి, మనం చేయించుకునే పనుల వల్ల పడే బెజ్జాలు. జీపీఎస్‌కు, ఫాగ్ ల్యాంపులకు, పెద్ద హారన్‌కు వైరు లాగడానికి ఇంజను గోడకున్న రబ్బరు గ్రోమెట్‌ను పొడిచి వైరు తోస్తారు. ఆ బెజ్జం ఎవరూ మూయరు. పైన క్యారియర్ బిగించిన బోల్టులు కూడా అంతే. డబుల్ క్యాబిన్ బండికైతే వెనక అద్దం చుట్టూ ఉన్న రబ్బరు, పైన మూడో బ్రేకు లైటు కింది గ్యాస్కెట్టు చూడాలి. వెనక సీటు కింద మాత్రమే తడి ఉంటే మొదటి అనుమానం వీటి మీదే పెట్టుకోండి.

వాన లేకుండానే తడుస్తోందా? ఎండాకాలంలో, ఏసీ నడిచినప్పుడే, ఎడమవైపు కాళ్ల దగ్గర చల్లటి వాసనలేని నీళ్లు చేరుతుంటే ఏసీ నీళ్లు బయటికి పోయే సన్నపైపు మూసుకుపోయినట్టు. నీళ్లు జిడ్డుగా ఉండి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. హీటరు కారుతున్నట్టు లెక్క. అది ఇంట్లో చేసుకునే పని కాదు, మెకానిక్‌కు అప్పగించండి.

అనుమానం తీరాలంటే ఇద్దరు కావాలి. లోపల న్యూస్‌పేపర్లు పరిచి ఒకరు టార్చి పట్టుకుని కూర్చోవాలి. బయట ఇంకొకరు పైపుతో మెల్లగా నీళ్లు వదలాలి. ప్రెషర్ వద్దు. కింద తలుపు దగ్గర మొదలుపెట్టి, అక్కడ ఏమీ రాలేదని తేలాకే పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా కిందికి జారతాయి, ఏది కారుతోందో తెలియదు. పేపరు మీద మొదటి మచ్చ పడిన చోటునుంచి వేలితో తడుముకుంటూ పైకి పోతే దారి దొరుకుతుంది.

ఇక విప్పడం. ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ప్రతి బోల్టూ, ప్రతి వైరూ ఎట్లా ఉందో. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయండి. ఎయిర్‌బ్యాగులున్న బండయితే ఆ తర్వాత కనీసం పది నిమిషాలు ఏదీ ముట్టుకోవద్దు. సీటు కింద పసుపుపచ్చ కనెక్టరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగు వ్యవస్థది. దాన్ని లాగి తెంపడం గానీ, టెస్ట్ ల్యాంపు పెట్టి చూడటం గానీ చేయొద్దు.

మామూలుగా సీటుకు నాలుగు బోల్టులుంటాయి. తుప్పు పట్టి కదలకపోతే పానాతో బలం చూపించొద్దు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. బోల్టు తల విరిగిందంటే ఒక గంట పని రెండు రోజులవుతుంది. సీట్లు, గడప పట్టీలు, కాళ్ల పక్క ప్లాస్టిక్ ముక్కలు, సీటు బెల్టు కింది బోల్టు, గేరు రాడ్ చుట్టూ ఉన్న బూటు, మధ్యలో కన్సోల్ ఉంటే అదీ, ఈ వరసలో వస్తాయి. ఏ బోల్టులు ఎక్కడివో రాసిన చిన్న కవర్లలో వేసుకోండి. ఆపైన కార్పెట్‌ను ముందునుంచి వెనక్కి మడుస్తూ ఎడమ తలుపులోంచి బయటికి లాగండి. తడి నమ్దాతో అది చాలా బరువుంటుంది, ఇద్దరు పట్టుకోవాలి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎండిన బూజు దులిపితే ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ చుట్టుపక్కలకు రావొద్దు.

పాత కార్పెట్‌ను అప్పుడే పారేయకండి. ఎంత కుళ్లినా అదే మీ కొలత.

ఇప్పుడు బండి అడుగు కనిపిస్తుంది. చాలామంది మొదటిసారి చూసేది ఇక్కడే. రేగడి ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. మూలల్లో సిమెంటు పొర, పాత రూపాయి బిళ్లలు, గుట్కా పొట్లాలు. అక్కడక్కడ గుండ్రటి రబ్బరు బిరడాలు కనిపిస్తాయి, కంపెనీ వాళ్లు పెట్టినవే. వాటిని తీసేసి సబ్బు నీళ్లతో కడిగితే మురికి కిందికే పోతుంది. నల్లటి తారు షీట్లు అంటించి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. బోలుగా మోగిన చోట కింద నీళ్లు చేరి ఉంటాయి, ఆ ముక్క గీకేయాలి. గట్టిగా అంటుకుని ఉన్నదాన్ని కదిలించొద్దు.

తుప్పు పట్టిన ప్రతిచోటా స్క్రూడ్రైవర్ కొసతో గుచ్చి చూడండి. పైన ఎర్రటి పొడి మాత్రమే ఉంటే భయం లేదు. వైర్ బ్రష్‌తో రుద్ది, రస్ట్ కన్వర్టర్ పూసి, అది నల్లబడి ఆరాక ప్రైమర్ రెండు కోట్లు, పైన పెయింటు. కొస లోపలికి దిగిపోతే ఆ రేకు పోయినట్టే. దాని మీద ఎంసీల్ మెత్తడం, లప్పం పూసి రంగు వేయడం ప్రాణాలతో ఆట. సీటు బోల్టు చుట్టుపక్కల అయితే మరీను. కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. వెల్డింగ్ వాడికి ముందే చెప్పండి, సరిగ్గా ఆ రేకు కిందుగానే బ్రేకు పైపులూ డీజిల్ పైపులూ పోతుంటాయి. అవి పక్కకు తప్పించకుండా, దగ్గర నీళ్ల బకెట్టు లేకుండా నిప్పు రాజేయకూడదు.

ఆరడానికి సమయం ఇవ్వండి. చంద్రపూర్ వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం మామూలే, ఆ ఎండలో తలుపులు తెరిచి పెడితే రేకు ఇట్టే ఆరిపోతుంది. దసరా ఎండలు అంత ఉండవు. రేకు అతుకుల సందుల్లో తడి దాక్కుంటుంది. ఫ్యాన్ పెట్టి, పగలంతా తెరిచి ఉంచి, మర్నాడు ఆ సందుల్లో టిష్యూ కాగితం దూర్చి చూడండి. పొడిగా బయటికి రావాలి.

ఏం వేసుకోవాలి అన్నదానికి నా మాట సూటిగా చెబుతాను. గనికీ పొలానికీ పోయే బండికి బొచ్చు కార్పెట్ అక్కర్లేదు. మందపాటి రబ్బరు మ్యాటో వినైల్ షీటో వేసుకుని, పైపు పెట్టి కడుక్కోవడం మేలు. ఇంటిల్లిపాదీ తిరిగే డబుల్ క్యాబిన్ బండికి కార్పెట్ సుఖమే. రోడ్డు చప్పుడు తగ్గిస్తుంది, ఇంజను వేడిని ఆపుతుంది. ఏది వేసినా కింద మాత్రం గుడ్డపీచు నమ్దా మళ్లీ వేయకండి. నీళ్లు పీల్చని నురుగు షీట్లు దొరుకుతాయి, మూసుకున్న గాలి బుడగలతో చేసినవి. ఒక ముక్క కోసి నీళ్లలో ముంచి, పిండి చూసి మరీ కొనండి.

మీ మోడల్‌కు అచ్చు పోసిన కార్పెట్ దొరికితే అదృష్టమే. దొరక్కపోతే మీటర్ల లెక్కన అమ్మే ఆటో కార్పెట్ తెచ్చుకోండి. పాతదాన్ని నేల మీద పరిచి, దాని మీద కొత్తది బోర్లా వేసి, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచి కత్తిరించండి. కోసేస్తే మళ్లీ అతకదు, ఎక్కువుంటే తర్వాత కోసుకోవచ్చు. బండిలో పరిచి మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న భాగం మీదనుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ సర్దుకుంటూ రండి. వంపుల దగ్గర ముడతలు పడితే హాట్ ఎయిర్ గన్‌తో కొంచెం వేడి చూపించి చేత్తో అదమండి, సింథటిక్ పీచు కాబట్టి వంపు పట్టుకుంటుంది. మరీ దగ్గరగా పెడితే కరిగిపోతుంది. రబ్బరు జిగురు మధ్యలో అక్కడక్కడ చాలు, అంతటా పూస్తే రేపు మళ్లీ ఎత్తి చూడలేరు. జిగురు ఆవిరి మండేది, మత్తెక్కించేది. తలుపులు తెరిచి ఉంచండి, బీడీ దూరంగా పెట్టండి.

బోల్టు రంధ్రాలకు డ్రిల్ వాడితే పీచు బిట్‌కు చుట్టుకుని కార్పెట్ మొత్తం లాగేస్తుంది. చెప్పులు కుట్టే ఆరెతో కిందినుంచి గుచ్చి రంధ్రం ఎక్కడుందో చూసుకోండి. తర్వాత, జిగురు ఆవిరి పూర్తిగా పోయాక, ఒక లావు మేకును పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, పైనుంచి ఆ గుర్తులో దించండి. చుయ్యిమంటూ గుండ్రటి రంధ్రం పడుతుంది. అంచు కరిగి గట్టిపడుతుంది కాబట్టి పోగు లేవదు.

సీటు పెట్టేటప్పుడు నాలుగు బోల్టులనూ ముందు చేత్తోనే ఎక్కించండి. నాలుగూ పట్టాకే పానాతో, ఎదురెదురుగా బిగించండి. సీటు బెల్టు బోల్టు విషయంలో మరింత జాగ్రత్త. మీ దగ్గర టార్క్ రెంచి లేకపోతే సీటు బోల్టులనూ బెల్టు బోల్టునూ వర్క్‌షాపులో బిగించుకురండి.

స్టార్ట్ చేసే ముందు యాక్సిలరేటర్, బ్రేకు, క్లచ్ మూడూ చివరి దాకా తొక్కి వదలండి. ఎక్కడా కార్పెట్ అంచు తగలకూడదు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర టొయోటా వారి ఒక లెక్సస్ కారులో, దానికి సరిపడని రబ్బరు మ్యాట్ యాక్సిలరేటర్‌ను పట్టేసింది. కారు ఆగలేదు. నలుగురు చనిపోయారు. ఆ తర్వాత మ్యాట్‌లు పెడల్‌కు అడ్డం పడే ప్రమాదం ఉందని టొయోటా దాదాపు 38 లక్షల బండ్లకు రీకాల్ ప్రకటించింది. కాబట్టి పాత మ్యాట్ మీద కొత్త మ్యాట్ ఎప్పుడూ వేయొద్దు. డ్రైవరు మ్యాట్‌ను హుక్కుతో కట్టేయండి.

చివరగా వరద బండ్ల మాట. ఇంతసేపూ చెప్పింది వాన నీళ్ల గురించి. వరదలో మునిగిన బండి లెక్క వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు, వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ నీళ్లలో మురుగు కలిసి ఉంటుంది. ఆ కార్పెట్‌ను కడిగి వాడుకోవడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. అయితే తొందరపడి పీకేయొద్దు కూడా. ఇంజను స్టార్ట్ చేయకుండా, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఫొటోలు తీసి, ముందు బీమా కంపెనీకి చెప్పండి. వాళ్ల సర్వేయరు చూశాకే విప్పండి.

అట్లాంటి బండ్లు కొన్ని కొత్త కార్పెట్ వేసుకుని, సెంటు కొట్టుకుని సెకండ్ హ్యాండ్ బజారుకు వస్తాయి. పండక్కి పాత పికప్ కొందామనుకునేవాళ్లు ఒక పని చేయండి. సీటు బెల్టును మెల్లగా చివరికంటా బయటికి లాగి, చుట్టలోపల ఉండిపోయిన ఆ ఆఖరి మూర మీద బురద చార ఉందేమో చూడండి. కార్పెట్ మార్చేవాళ్లకు బెల్టు మార్చాలని తోచదు. గడప పట్టీ ఎత్తి నమ్దా పిండండి. సీటు కింద స్ప్రింగులకు తుప్పుందేమో వేలు పెట్టి చూడండి. అమ్మేవాడు వద్దంటే బయానా జేబులోనే ఉంచుకుని ఇంకో బండి చూసుకోండి.